కరోనా సూది, నెలసరి, మా అమ్మాయి టీకా: అత్తగారికి ఏమని చెప్పను?

గుణుపూర్ కోడలు

అందరికీ నమస్కారం. పుట్టిల్లు పాలకొండ, మెట్టిల్లు ఒడిశాలోని గుణుపూర్. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు నిండాయి. జ్వరమని చూపించడానికి తీసుకెళితే, డాక్టరమ్మ మందులు రాసి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా కూడా వేయించమన్నారు. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పానో లేదో, మా అత్తగారు తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయారు. "ఆ కరోనా సూదితో నువ్వు పడిన పాట్లు మరిచిపోయావా? ఇప్పుడు పసిదాని మీద పడ్డారా?" అన్నారు.

ఆవిడ అన్నది అబద్ధం కాదు. 2021 జూన్‌లో మొదటి డోసు వేయించుకున్నాను. ఆ నెల నెలసరి పదకొండు రోజులు ఆలస్యమైంది. నెల తప్పిందేమోనని రెండుసార్లు పరీక్ష చేసుకున్నాను. తీరా వచ్చాక ఎనిమిది రోజులు వదల్లేదు. టీకా కేంద్రంలో అడిగితే అక్కడ కూర్చున్నాయన "సూది చేతికి వేశామమ్మా, కడుపుకి కాదు" అని నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. మూడో నెలకి అంతా మామూలైంది కానీ ఆ నవ్వు మాత్రం మరపునకు రాలేదు.

టీకాకీ నెలసరికీ నిజంగా సంబంధం ఉందా? ఉంటే పిల్లకి వేయించే ఈ టీకాతోనూ అలాగే అవుతుందా? తెలిసినవారు చెప్పండి. వాట్సాప్‌లో వచ్చినవి వద్దు, అవి మా ఇంట్లో సరిపడా ఉన్నాయి.

బరంపురం పిల్ల

అక్కా, మా హాస్టల్లో నలుగురం ఒకే రోజు వేయించుకున్నాం. ఇద్దరికి ఆలస్యమైంది, ఒకరికి వారం ముందే వచ్చింది, నాకు ఏ మార్పూ లేదు. నేను ఫోనులో తేదీలు రాసుకుంటాను కాబట్టి కచ్చితంగా చెప్పగలను. మిగతా ముగ్గురికీ లెక్క లేదు, "ఆలస్యమైనట్టుంది" అనడమే.

ఇంకో మాట. జూన్‌లో రజో పండగకు భూదేవి ముట్టయిందని ఇక్కడ మూడు రోజులు నాగలి కట్టరు, నేల తవ్వరు. నాలుగో రోజు భూమికి స్నానం. భూమికి వస్తే పండగ, మనకు వస్తే నవ్వులాట!

గుణుపూర్ కోడలు

రజోకి నేను ఉయ్యాల ఎక్కిన గుర్తు లేదమ్మా, పోడపిఠాకి పిండి రుబ్బిన గుర్తు మాత్రం ఉంది. అసలు సంగతికి రండి.

పర్లాకిమిడి పెద్దమ్మ

నేను ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్ఎంగా పనిచేసి 2022లో దిగిపోయాను. గుణుపూర్ అమ్మాయీ, నిన్ను చూసి నవ్వినవాడి తరఫున క్షమాపణ చెప్పుకోవాలంటే ముందు నేనే చెప్పుకోవాలి. నేనూ అలా నవ్వినదాన్నే.

మాకు ఇచ్చిన శిక్షణలో చేయి నొప్పి, జ్వరం, తలనొప్పి, కళ్లు తిరగడం, అరుదుగా తీవ్రమైన అలర్జీ ఉన్నాయి. నెలసరి మాట లేదు. లేనిదాన్ని ఎవరైనా అడిగితే "అలాంటిదేమీ ఉండదు" అనేశాం. తెలియదని చెప్పాల్సిన చోట లేదని చెప్పాం. ఆ రెంటికీ ఉన్న తేడా నాకు అర్థమయ్యేసరికి ఉద్యోగం అయిపోయింది.

తల్లీపిల్లలను చూసే మమతా దివస్ రోజున అంగన్వాడీ అరుగు మీద నలుగురైదుగురు తల్లులు ఇదే చెప్పారు. ఆశా దీదీలు ఇద్దరు తమకూ అలాగే అయిందన్నారు. ఒక్కటి కూడా నేను కాగితం మీద పెట్టలేదు. కాగితం మీద లేనిది పైవాళ్లకు ఎలా తెలుస్తుంది? వాళ్ల దగ్గర లెక్క లేదు కాబట్టి మళ్లీ మాకు "లేదు" అనే వచ్చింది. ఈ గానుగ అలా తిరిగింది.

జయపురం పంతులమ్మ

పెద్దమ్మ గారూ, అది మీ ఒక్కరి తప్పు కాదు. టీకా ప్రయోగాల్లోనే ఆ ప్రశ్న లేదు. సూది వేశాక సాధారణంగా ఏడు రోజులు జ్వరం, నొప్పి వంటివి రాయించుకున్నారు. నెలసరి మార్పు ఏడు రోజుల్లో ఎక్కడ కనపడుతుంది?

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఆడపిల్లలు అడిగితే సమాధానం ఉండాలని ఈ సంగతి వెతికి చదివాను. బ్రిటన్‌లో మందుల దుష్ప్రభావాలను జనమే నేరుగా తెలిపే పద్ధతి ఉంది. దానికి 2021 సెప్టెంబరు మొదటివారానికి నెలసరి మార్పుల గురించి 30 వేలకు పైగా ఫిర్యాదులు చేరాయి. అమెరికాలో ఆగస్టులోనే పరిశోధనకు డబ్బు కేటాయించారు. అంటే ఆడవాళ్లు వదలకుండా చెబితేనే కదిలారు.

ఆ తరువాత అలిసన్ ఎడెల్‌మన్ అనే వైద్యురాలి బృందం, ముందునుంచే ఫోను యాప్‌లో తేదీలు రాసుకుంటున్న స్త్రీల లెక్కలు తీసింది. ఇది తెలివైన పని, ఎందుకంటే సూది తరువాత గుర్తు తెచ్చుకుని చెప్పిన తేదీలు కావు. 2022 జనవరిలో వచ్చిన మొదటి అధ్యయనంలో 3,959 మంది అమెరికా స్త్రీలు ఉన్నారు. అదే ఏడు సెప్టెంబరులో వచ్చిన పెద్దదానిలో వివిధ దేశాల నుంచి 19,622 మంది, తొమ్మిది రకాల టీకాలు. రెండింటిలోనూ తేలింది ఒకటే: టీకా వేసిన నెలలో నెలసరి సగటున ఒక రోజు కన్నా తక్కువ ఆలస్యమైంది. తరువాతి నెలకు సర్దుకుంది. ఒకే నెలసరి చక్రంలో రెండు డోసులూ పడినవారికి మాత్రం పెద్ద అధ్యయనంలో 3.7 రోజులు ఆలస్యమైంది.

మనకు ఆ చివరిది పెద్దగా వర్తించదు. 2021 మే 13న కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువును 12 నుంచి 16 వారాలకు పెంచారు. ఆ టీకా అలా వేయించుకున్నవారికి ఒక చక్రంలో రెండూ పడే అవకాశం దాదాపు లేదు.

గుణుపూర్ కోడలు

ఒక్క రోజా? పంతులమ్మగారూ, కోపం తెచ్చుకోకండి, నాకు జరిగింది పదకొండు రోజులు. ఒక్క రోజు అంటే మా అత్తగారు ఈ ఫోను పొయ్యిలో పడేస్తారు.

జయపురం పంతులమ్మ

కోపం ఎందుకమ్మా, సరైన ప్రశ్న. సగటు అంటే అదే. మా తరగతిలో సగటు మార్కులు 52. అయితే 9 వచ్చినవాడూ ఉన్నాడు, 97 వచ్చిన పిల్లా ఉంది. ఎక్కువమందికి అసలు జరగదు, కొందరికి చాలా జరుగుతుంది, కలిపి పంచితే ఒక రోజు.

నెలసరి చక్రంలో ఎనిమిది రోజులు, అంతకు మించి తేడా వచ్చినవారిని ఆ పెద్ద అధ్యయనంలో విడిగా లెక్కపెట్టారు. టీకా వేయించుకున్నవారిలో 6.2 శాతం. టీకా వేయించుకోనివారిలోనూ 5 శాతం. ఈ రెండో అంకెను జాగ్రత్తగా చూడండి. ఏ సూదీ లేకుండానే వందమందిలో అయిదుగురికి అలా జరిగింది. మీ పదకొండు రోజులు టీకా వల్లా, ఆ నెల ఎలాగూ జరిగేదేనా అన్నది మీ ఒక్కరి విషయంలో ఎవరూ తేల్చి చెప్పలేరు. మీకు జరిగిందన్నది మాత్రం నిజం, అందులో నవ్వడానికి ఏమీ లేదు.

రాయగడ మందులకొట్టు

ఆడవాళ్ల మాటల మధ్య దూరుతున్నందుకు మన్నించండి. నేను పాతికేళ్లుగా మందులు అమ్ముతున్నాను. ఇక్కడ ఎవరూ ఎత్తని సంగతి ఒకటి ఉంది.

2021 ఏప్రిల్‌లో ఒక సందేశం తిరిగింది గుర్తుందా? నెలసరికి అయిదు రోజుల ముందు, అయిదు రోజుల తరువాత టీకా వేయించుకోవద్దని. ప్రభుత్వం అదే నెలలో అది అబద్ధమని ప్రకటించింది. కానీ మే 1 నుంచి 18 ఏళ్లు దాటిన అందరికీ టీకా అన్నారు. టోకెన్ దొరకడమే గగనం, దొరికిన రోజు వదులుకోలేరు. ఆ సందేశాన్ని నమ్మినవాళ్లు ఏం చేశారు? నా కొట్టుకు వచ్చి నెలసరి వాయిదా వేసే మాత్రలు అడిగారు. మజ్జిగౌరమ్మ చైత్ర పండగ ముందు, పెళ్లిళ్ల రోజుల్లో అడిగే మాత్రలే. చీటీ లేకుండా ఇవ్వనంటే పక్క కొట్టుకు వెళ్లారు.

అది నార్‌ఎథిస్టరాన్ అనే హార్మోను మాత్ర. ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది, కొందరికి ఎక్కువగానే వస్తుంది. మధ్యలో ఒక పూట మరిచిపోతే మరకలు. మాత్ర వేసుకున్న సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పరు. సూది వేయించుకున్న సంగతి ఊరందరికీ తెలుసు. నేరం ఎవరి మీద పడుతుందో మీరే ఆలోచించండి.

బరంపురం పిల్ల

బాబాయిగారూ, ఆ సందేశం పంపినవాళ్లు దొరికితే మీ కొట్టు ముందు నిలబెట్టండి.

పర్లాకిమిడి పెద్దమ్మ

రాయగడ బాబు చెప్పింది నిజం. దానికి నేను ఇంకొకటి కలుపుతాను. ఆ రెండేళ్లలో ఆడదాని ఒళ్లు ఒక్క సూదినే చూడలేదు. కరోనా జబ్బే నెలసరిని అటూ ఇటూ చేసింది. ఆంధ్ర సరిహద్దులో పాతపట్నం దాటనివ్వక, పుట్టింటివాళ్ల చావుకు కూడా వెళ్లలేక ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. నిద్ర లేదు, తిండి లేదు, దిగులు. దిగులుకు నెలసరి ఆగిపోవడం మా అమ్మమ్మ కాలం నుంచీ తెలిసిందే.

సత్యాన్వేషి

ఇదంతా కప్పిపుచ్చే వ్యవహారం. ఆ టీకాతో ఆడపిల్లలకు ఇక పిల్లలు పుట్టరు. ఈ కొత్త టీకా కూడా దానికే తెచ్చారు. మా వీధిలో పెళ్లై మూడేళ్లయినా కడుపు పండని కోడళ్లు ఇద్దరున్నారు, ఇద్దరూ వేయించుకున్నవారే.

జయపురం పంతులమ్మ

మీ వీధిలో పిల్లలు పుట్టిన కోడళ్లు ఎంతమంది? వాళ్లూ వేయించుకున్నవారే కదా? వాళ్లను లెక్కలోంచి ఎందుకు తీసేశారు?

పిల్లల కోసం ప్రయత్నిస్తున్న రెండు వేలకు పైగా జంటలను బోస్టన్ విశ్వవిద్యాలయం వారు నెల నెలా గమనించి 2022లో ప్రచురించారు. టీకా వేయించుకున్న ఆడవారికీ, మగవారికీ కడుపు పండే అవకాశం ఏమీ తగ్గలేదు. మగవాడికి కరోనా జబ్బు వస్తే మాత్రం ఆ తరువాత కొద్దికాలం తగ్గింది. మూడేళ్లయిందంటున్నారు, ఆ కోడళ్ల భర్తలకు ఒకసారైనా పరీక్ష చేయించారా? మన దగ్గర అది ఎప్పుడూ చివరి పరీక్షే.

నిర్వాహకురాలు

సత్యాన్వేషి గారి తరువాతి వ్యాఖ్య తొలగించాను. అభిప్రాయం కోసం కాదు, ఒక వైద్యురాలి పేరు పెట్టి తిట్టినందుకు. చర్చ కొనసాగించండి.

మల్కనగిరి నుంచి

సత్యాన్వేషిని తప్పు పట్టండి, కానీ భయాన్ని వెక్కిరించకండి. మాది మోటు దగ్గర. శబరి, సీలేరు కలిసే చోటు. భద్రాచలం వైపు మాకు బంధుత్వాలు ఉన్నాయి. మాకు హెచ్‌పీవీ అన్న పేరు కొత్త కాదు.

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల పిల్లలు సుమారు 14 వేల మందికి ఈ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ప్రభుత్వం కలిసి చేసిన పని. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో చదివేవాళ్లు. తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట వార్డెన్లు సంతకాలు చేశారు. కొన్ని కాగితాల మీద వేలిముద్రలు. గుజరాత్‌తో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులు టీకా వల్ల కాదని విచారణలో తేలింది. కానీ అనుమతి తీసుకున్న తీరు తప్పని అదే విచారణ చెప్పింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇంకా గట్టిగా కడిగింది.

మా పిన్ని కూతురు ఆ పిల్లల్లో ఒకతె. ఇప్పుడు తనకు ఇద్దరు పిల్లలు, బాగానే ఉంది. అయినా పిన్ని నేటికీ ఏ సూదినీ నమ్మదు. "నా బిడ్డకు సూది వేసేముందు నన్ను అడగలేదు" అంటుంది. దానికి మీ సగటు అంకెలతో జవాబు లేదు.

జయపురం పంతులమ్మ

లేదు. ఒప్పుకుంటున్నాను.

పర్లాకిమిడి పెద్దమ్మ

మల్కనగిరి బాబూ, మీ పిన్నిగారి మాట శిక్షణ తరగతుల్లో మొదటి పాఠంగా పెట్టాలి.

గుణుపూర్ కోడలు

ఇది చదివాక గుండె బరువెక్కింది. కానీ మా డాక్టరమ్మ నన్ను అడిగారు, ఆలోచించుకుని రమ్మన్నారు. అది తేడాయే. ఇక నా రెండో ప్రశ్న మిగిలింది. ఈ హెచ్‌పీవీ టీకాతో పిల్ల నెలసరికి ఏమవుతుంది?

జయపురం పంతులమ్మ

సరిగ్గా ఈ ప్రశ్నే జపాన్‌లో వచ్చింది. అక్కడ నెలసరి గందరగోళం, ఒళ్లు నొప్పులు, నడవలేకపోవడం అంటూ టీవీల్లో కథనాలు వచ్చి, 2013 జూన్‌లో ప్రభుత్వం ఆ టీకాను సిఫారసు చేయడం మానేసింది. బాధితుల సంఘం కోరిక మీదే నగోయా నగరం 2015లో అధ్యయనం చేయించింది. సుమారు 30 వేల మంది అమ్మాయిల నుంచి 24 లక్షణాల మీద సమాధానాలు వచ్చాయి. నెలసరి సక్రమంగా లేకపోవడం, రక్తస్రావం మామూలుగా లేకపోవడం కూడా ఆ 24లో ఉన్నాయి. టీకా వేయించుకున్నవారిలో ఏ లక్షణమూ ఎక్కువగా కనపడలేదు. వేయించుకోనివారికీ అంతే ఉన్నాయి. చివరికి 2022 ఏప్రిల్‌లో జపాన్ మళ్లీ సిఫారసు మొదలుపెట్టింది. మధ్యలో పోయిన తొమ్మిదేళ్లు తిరిగి రావు.

అండాశయాలు ముందే పనిచేయడం మానేస్తాయేమోనన్న భయం మీద అమెరికాలో దాదాపు రెండు లక్షల మంది అమ్మాయిల రికార్డులు చూశారు. హెచ్‌పీవీ టీకాకీ దానికీ సంబంధం కనపడలేదు.

పర్లాకిమిడి పెద్దమ్మ

పిల్ల ఎప్పుడు పెద్దమనిషి అయిందమ్మా? ఏడాదిన్నర లోపే అయితే ముందే చెబుతున్నాను. మొదటి రెండు మూడేళ్లు పిల్లల నెలసరి ఏ సూదీ లేకుండానే కుదురుగా ఉండదు. ఒక నెల 25 రోజులకు, ఒక నెల 45 రోజులకు. టీకా వేయించిన మరుసటి నెల ఆలస్యమైందనుకో, మీ అత్తగారు దాని మీదే పెడతారు. అందుకని వేయించేముందే మూడు నాలుగు నెలల తేదీలు రాసిపెట్టుకోండి. వంటింటి క్యాలెండర్ మీద గుండు సున్నా చాలు.

టీకా వేసిన తరువాత కాసేపు కూర్చోబెట్టండి. ఈ వయసు పిల్లలు భయానికే కళ్లు తిరిగి పడతారు.

బరంపురం పిల్ల

అసలు చేతికి వేసిన సూదికీ గర్భాశయానికీ దారి ఎక్కడిది? ఆ నవ్విన పెద్దమనిషికి జవాబుగా అడుగుతున్నాను.

జయపురం పంతులమ్మ

దారి రక్తంలో ఉంది. సూది వేయగానే రోగనిరోధక వ్యవస్థ మేలుకుని రసాయన సంకేతాలు పంపుతుంది. జ్వరం వచ్చేది అందుకే. అండం ఎప్పుడు విడుదల కావాలో మెదడులోని హైపోథాలమస్, పిట్యూటరీ గ్రంథి చెప్పాలి. వాటికి ఈ అలజడి తగిలి అండం రెండు రోజులు ఆలస్యమైతే నెలసరీ రెండు రోజులు జరుగుతుందన్నది ఒక వివరణ. దీనికి ఊతం ఏమిటంటే, ఎడెల్‌మన్ బృందమే తరువాత చూస్తే, అండం విడుదలకు ముందు రోజుల్లో టీకా పడినవారికే ఆలస్యం కనపడింది. తరువాతి సగంలో పడినవారికి లేదు. గర్భాశయపు పొరలోనూ రోగనిరోధక కణాలు నిండుగా ఉంటాయి కాబట్టి, రక్తస్రావం పెరగడానికి అది కారణం కావచ్చునంటారు. 2022 అక్టోబరులో యూరప్ మందుల సంస్థ, ఫైజర్, మోడెర్నా టీకాల కాగితాల్లో అధిక రక్తస్రావాన్ని దుష్ప్రభావంగా చేర్చమంది.

ఇది కరోనాతో పుట్టిన సంగతి కూడా కాదు. టైఫాయిడ్ టీకా తరువాత నెలసరి మారిందని 1913లోనే ఒక అమెరికా వైద్యుడు రాశాడు. ఆ తరువాత దాన్ని లోతుగా తెరిచి చూసినవారు తక్కువ.

పర్లాకిమిడి పెద్దమ్మ

ఇన్ని అంకెల మధ్య నా మాట ఒకటి. "సూది వల్లే" అని సరిపెట్టుకోవడం కూడా ప్రమాదమే. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, గడ్డలు పడుతున్నా, ఎనిమిది రోజులు దాటినా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా కారణం ఏదైనా సరే, డాక్టరు చూడాలి. ఒడిశాలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 64.3 శాతం మందికి రక్తం తక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఉన్న రక్తమే చాలనివాళ్లం, పోగొట్టుకునేంత మన దగ్గర లేదు.

ముట్లుడిగి ఏడాది దాటిన ఆడదానికి ఒక్క చుక్క కనపడినా ఊరుకోకూడదు. నార్వేలో కరోనా టీకా తరువాత కొందరు పెద్దవాళ్లకు అలా కనపడిందట. ఆ కొద్దిమందిలో తామూ ఒకరమని ఎవరికి వారు అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. పరీక్ష చేయించి, ఏమీ లేదని తేలాక అనుకోవచ్చు.

గుణుపూర్ కోడలు

అయిదు రోజుల తరువాత వస్తున్నాను.

మీరందరూ రాసినవి రాత్రి భోజనాలయ్యాక అత్తగారికి చదివి వినిపించాను. మల్కనగిరి వారిది విని "చూశావా" అన్నారు. జపాన్ సంగతికి ఏమీ అనలేదు. పెద్దమ్మగారి చివరి మాట చదువుతుంటే "అది మళ్లీ చదువు" అన్నారు.

చదివాను. కాసేపు చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ కూర్చుని, నెమ్మదిగా చెప్పారు. ఆవిడకు అరవై ఒకటి. పదేళ్ల కిందటే నెలసరి ఆగిపోయింది. కరోనా సూది రెండో డోసు తరువాత ఒకసారి మరక కనపడిందట. తరువాత ఏడాదికి మళ్లీ. ఇప్పుడు ఆరు నెలలుగా అప్పుడప్పుడూ. "సూది దోషం, అదే పోతుందిలే అనుకున్నాను. కొడుకుతో చెప్పుకునే సంగతా?" అన్నారు. ఒకే ఇంట్లో, ఒకే బావి దగ్గర బట్టలు ఉతుక్కుంటాం. నాకు తెలియలేదు.

పిల్ల టీకా పక్కన పెట్టి, మరునాడే రైల్లో ఆవిడను పర్లాకిమిడి తీసుకొచ్చాం.

పర్లాకిమిడి పెద్దమ్మ

నాకు ఒక్క మాట చెప్పి ఉంటే స్టేషనుకు వచ్చేదాన్ని కదమ్మా. ఏమన్నారు?

గుణుపూర్ కోడలు

స్కానింగ్‌లో గర్భాశయపు పొర మందంగా ఉందన్నారు. నాలుగేళ్ల కిందటి సూదికీ ఇప్పటి మరకలకూ ముడిపెట్టవద్దని డాక్టరు గట్టిగానే చెప్పారు. ముక్క తీసి పరీక్షకు పంపారు. పది రోజులు పడుతుందట. ఏ సంగతీ ఆ తరువాతే.

పిల్లకు నిన్న వేయించాం. సూది వేసేటప్పుడు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నది నేను కాదు, వాళ్ల నానమ్మ. గుండు సున్నాలు మాత్రం పిల్ల క్యాలెండర్ మీద వేయనంటోంది, అందరూ చూస్తారట. నోటు పుస్తకం చివరి పేజీలో రాసుకుంటోంది.

రాయగడ మందులకొట్టు

ఫలితం వచ్చాక ఇక్కడ రాయండి, చెల్లెమ్మా. మందులు ఏవైనా అక్కడ దొరక్కపోతే నాకు చెప్పండి, బస్సులో వేసి పంపుతాను.